ప్రకృతి తరఫున ఫొటో సాక్ష్యం



ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు, పీఆర్సీ గురించీ డీఏ బకాయిల గురించీ రాసేవారు చాలామంది ఉన్నారు కదా, నేను వేరే సంగతి రాస్తానన్నాను. "మీ ఇష్టం, కాని మనవాళ్ళకు అర్థమయ్యేట్టు రాయండి" అన్నారు. అందుచేత మనందరికీ తెలిసిన చోటునుంచే మొదలుపెడతాను.

రిటైరయ్యేటప్పుడు పెన్షను కాగితాలతోపాటు భార్యాభర్తలం కలిసి తీయించుకున్న జాయింటు ఫొటో జతపరిచాం. ఉత్త ఫొటో ఇస్తే ఏ ఆఫీసూ తీసుకోదు. గెజిటెడ్ అధికారి సంతకం, తేదీ, స్టాంపు పడితేనే అది సాక్ష్యం. ఇప్పుడు సెల్‌ఫోను ముందు మొహం పెట్టి కళ్ళార్పితే మనం బతికున్నట్టు ప్రభుత్వం నమ్ముతోంది, అది వేరే విషయం. నేను చెప్పబోయేది అడవి, కొండ, నది, మంచు వీటి సంగతి. ఇవి ఆఫీసుకొచ్చి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకోలేవు. వాటి తరఫున నూట అరవై ఏళ్ళకు పైగా ఫొటోలే ఆఫీసులకు వెళుతున్నాయి. ఆ ఫొటోలు రెండు పనులు చేయాల్సి వచ్చింది. ఒకటి రుజువు చూపడం, రెండోది మనసు కదిలించడం. ఈ రెండూ ఒకే గూటి పక్షులని పైకి అనిపిస్తుంది గాని, చరిత్ర చూస్తే చాలాచోట్ల ఒకదానితో ఒకటి తగాదా పడ్డాయి.

1861లో కార్లటన్ వాట్కిన్స్ అనే ఫొటోగ్రాఫరు అమెరికాలో కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయకు కంచరగాడిదల మీద సామాను వేసుకుని వెళ్ళాడు. ఆ సామాను మామూలు సామాను కాదు. 18 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవు గాజు పలకలు, వాటికి సరిపడే కెమెరా, రసాయనాల సీసాలు, చీకటి గుడారం. అప్పటి పద్ధతిలో గాజు పలకకు కొలోడియన్ అనే జిగురు ద్రావకం పూసి, సిల్వర్ నైట్రేటులో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి, తడి ఆరకముందే కడిగెయ్యాలి. కొండ అంచున గుడారం వేసుకుని ఆ పని చేశాడాయన. ఆ బొమ్మలు 1862లో న్యూయార్కులో ప్రదర్శనకు వచ్చాయి. 1864 జూన్ 30న, అంతర్యుద్ధం సాగుతుండగానే, లింకన్ ఆ లోయను ప్రజల విహారానికి ప్రత్యేకించే చట్టం మీద సంతకం పెట్టాడు. ఆ ఫొటోలే చట్టం తెచ్చాయనడం అతిశయోక్తి. కాని తూర్పు తీరంలో కూర్చుని ఆ లోయ మొహం చూడని పెద్దలకు అది ఉందని నమ్మకం కలిగించింది ఆ గాజు పలకలే.

ఏడేళ్ళ తరువాత ఇదే పని మరింత పద్ధతిగా జరిగింది. 1871లో హేడెన్ నాయకత్వాన ప్రభుత్వ భూగర్భ సర్వే బృందం యెల్లోస్టోన్ ప్రాంతానికి వెళ్ళింది. బృందంలో విలియం హెన్రీ జాక్సన్ అనే ఫొటోగ్రాఫరు, థామస్ మోరాన్ అనే చిత్రకారుడు ఉన్నారు. వేడినీళ్ళు ఆకాశానికి చిమ్మే ఊటలున్నాయని అంతకుముందు వేటగాళ్ళు చెబితే జనం కోతలని నవ్వారు. జాక్సన్ ఆ వేడినీటి ఊటల నీళ్ళతోనే పలకలు కడిగి త్వరగా ఆరబెట్టుకున్నాడట. హేడెన్ తిరిగొచ్చి నివేదికతోపాటు ఆ ఫొటోలను కాంగ్రెసు సభ్యులకు అందేట్టు చూశాడు. మన భాషలో చెప్పాలంటే నోటు ఫైలుకు ఎన్‌క్లోజర్లు. 1872 మార్చి 1న అధ్యక్షుడు గ్రాంట్ సంతకంతో యెల్లోస్టోన్ మొట్టమొదటి నేషనల్ పార్కు అయింది.

ఇక్కడొక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఈ బొమ్మల్లో చాలావాటిలో మనుషులు ఉండరు. ఉన్నా కొండ ఎత్తు తెలియడానికి నిలబెట్టిన తమ బృందం మనిషే. యోసెమిటీ లోయలో తరతరాలుగా అహ్వానీచీ అనే జాతి ఉండేది. 1851లోనే సాయుధ దళం లోయలోకి దిగి వాళ్ళను తరిమింది. పదేళ్ళ తరువాత వాట్కిన్స్ పలక మీద పడింది ఆ ఖాళీ చేసిన లోయ. చూసినవాళ్ళు దాన్ని మనిషి అడుగుపెట్టని చోటనుకున్నారు. ఫొటో అబద్ధం చెప్పలేదు, ఉన్నదే చూపించింది. లేనివాళ్ళు ఎందుకు లేరో మాత్రం ఏ ఎన్‌క్లోజరులోనూ లేదు.

ఇక 1930ల్లో అమెరికా మధ్య మైదానాల్లో వచ్చిన దుమ్ము తుపానుల కాలం. గడ్డి నేలలను అదుపులేకుండా దున్నేశారు, పైన వరుస కరువులు. పైమట్టి ఎగిరిపోయింది. పట్టపగలు దీపాలు పెట్టుకోవలసి వచ్చింది. 1935 ఏప్రిల్ 27న నేల సంరక్షణ చట్టం వచ్చింది. చట్టం అయితే వచ్చింది గాని, దానికీ రైతుల పునరావాసానికీ ఏటేటా నిధులు రావాలంటే పట్నవాసులు ఒప్పుకోవాలి. ఆ పని కోసం రీసెటిల్‌మెంట్ అడ్మినిస్ట్రేషన్ అనే ప్రభుత్వ సంస్థలో రాయ్ స్ట్రైకర్ కింద ఒక ఫొటో విభాగం పెట్టారు. 1937లో ఆ సంస్థ పేరు ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్‌గా మారింది. ఆ విభాగం తీసిన నెగటివ్‌లు దాదాపు లక్షా డెబ్బై అయిదు వేలు ఇప్పుడు వాషింగ్టన్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. చాలావాటికి ఏ జిల్లా, ఏ రాష్ట్రం, ఏ నెల అనే వివరం ఉంది. స్ట్రైకర్‌కు నచ్చని నెగటివ్‌లకు పంచింగ్ మిషనుతో చిల్లు కొట్టేవాడు! మనం ఫైళ్ళకు కొట్టినట్టే. చరిత్రకారులు ఇప్పటికీ ఆ చిల్లులు చూసి బాధపడుతుంటారు.

ఆ విభాగంలో స్ట్రైకర్ మొదట తీసుకున్న ఫొటోగ్రాఫరు ఆర్థర్ రాత్‌స్టీన్. 1936లో ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడు. ఓక్లహోమాలోని సిమరాన్ కౌంటీలో ఒక రైతు, ఇద్దరు కొడుకులు దుమ్ములో తల వంచుకుని కొట్టం వైపు నడుస్తున్న బొమ్మ తీశాడు. ఆ కాలమంతటికీ అదే గుర్తుగా నిలిచిపోయింది. అదే ఏడు మే నెలలో సౌత్ డకోటాలో అతనికొక ఎండిన ఎద్దు పుర్రె కనిపించింది. పగుళ్ళిచ్చిన నేలమీద దాన్ని ఫొటో తీశాడు. తరువాత వెలుగునీడలు వేరే విధంగా చూద్దామని పది అడుగుల దూరం జరిపి మళ్ళీ తీశాడు. బొమ్మలు పత్రికలకు వెళ్ళాయి. ఆగస్టులో అధ్యక్షుడు రూజ్వెల్ట్ కరువు ప్రాంతాల పర్యటనకు రైల్లో బయలుదేరితే, నార్త్ డకోటాలోని ఫార్గో ఫోరం అనే పత్రిక ఆ పుర్రె కథ బయటపెట్టింది. ఒకే పుర్రె రెండు చోట్ల కనబడుతోంది, ఇది దొంగ సాక్ష్యం, ప్రభుత్వం కరువును బొమ్మకట్టి చూపిస్తోంది అని. ఎన్నికల సంవత్సరం. ప్రతిపక్ష పత్రికలన్నీ ఎత్తుకున్నాయి.

కరువు నిజమే. పుర్రె నిజమే. నేల పగిలిందీ నిజమే. జరిపింది పది అడుగులు. ఆ పది అడుగుల వల్ల మిగతా బొమ్మలన్నిటి మీదా అనుమానం పడింది. నవంబరులో రూజ్వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు కనుక రాజకీయంగా ఏమీ కాలేదు. కాని రాత్‌స్టీన్ బతికినన్నాళ్ళూ ఆ పుర్రె గురించి సంజాయిషీ చెప్పుకుంటూనే ఉన్నాడు. ఆడిట్ పని తెలిసినవాళ్ళకు ఇది వింతగా ఉండదు. ఓచరులో ఒక్క దిద్దుబాటు కనబడితే మొత్తం బిల్లు ఆగిపోతుంది.

నా సర్వీసులో ఒకచోట, ఏ శాఖో ఏ జిల్లానో చెప్పను, మొక్కలు నాటిన పనుల బిల్లులు నా టేబులు మీదకు వచ్చేవి. పనికి రుజువుగా ఫొటో జతపరచాలన్నది నిబంధన. ఒకసారి మూడు ఊళ్ళ బిల్లులు వరుసగా చూస్తుంటే మూడింటికీ ఒకటే గుంత, ఒకటే మొక్క, పక్కన నిలబడ్డ మనిషి భుజం మీద ఒకటే గళ్ళ తువ్వాలు. ఫొటో వెనక ఊరు, తేదీ రాసి సంతకం చేసి పంపండని మూడింటినీ తిప్పి పంపాను. ఒక్కటే తిరిగొచ్చింది.

ఇప్పుడు జపానుకు వెళదాం. ఈ వ్యాసంలో నాకు రాయడం కష్టమనిపించిన భాగం ఇదే. మినమాటా అనే చిన్న సముద్రతీర పట్టణంలో చిస్సో కంపెనీ రసాయనాల ఫ్యాక్టరీ ఉండేది. దాని వ్యర్థజలాల్లోని పాదరసం సముద్రంలో కలిసి, చేపల్లోకి చేరి, చేపలు తినే బెస్తల కుటుంబాలను పట్టింది. కాళ్ళూ చేతులూ వశం తప్పడం, చూపు కుంచించుకుపోవడం, మాట పడిపోవడం, మూర్ఛలు. 1956 మేలో ఆ వ్యాధిని అధికారికంగా గుర్తించారు. ఫ్యాక్టరీ డాక్టరు స్వయంగా పిల్లులకు ఆ వ్యర్థం పెట్టి 1959లో కారణం తెలుసుకున్నాడు, కంపెనీ దాన్ని బయటకు పొక్కనివ్వలేదు. వ్యర్థం వదలడం 1968 దాకా ఆగలేదు. ఆ ఏడే ప్రభుత్వం కారణాన్ని ఒప్పుకుంది. అంటే శాస్త్రం ఎప్పుడో తేల్చిన సంగతి ఫైళ్ళలో తొమ్మిదేళ్ళు నిద్రపోయింది.

1971లో యూజీన్ స్మిత్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫరు భార్య ఐలీన్‌తో వచ్చి మినమాటాలో ఇల్లు అద్దెకు తీసుకుని మూడేళ్ళు ఉన్నాడు. 1972 జనవరిలో రోగుల బృందంతో కంపెనీకి చెందిన మరో ఫ్యాక్టరీకి వెళితే అక్కడి మనుషులు ఆయన్ను చావగొట్టారు. చూపు దెబ్బతింది. ఆయన తీసిన బొమ్మల్లో లోకమంతా ఎరిగినది 1971 డిసెంబరులో తీసినది. తల్లి, స్నానాల తొట్టిలో కూర్చుని, కడుపులో ఉండగానే పాదరసం సోకి పుట్టిన కూతురిని చేతుల మీద పట్టుకుని స్నానం చేయిస్తోంది. కూతురి కళ్ళు పైకి, తల్లి చూపు కూతురి మీద. 1972 జూన్ 2 నాటి లైఫ్ పత్రికలో ఆ బొమ్మ వచ్చింది. 1973 మార్చిలో కుమమోటో కోర్టు రోగుల పక్షాన తీర్పు చెప్పింది. తీర్పుకు ఆధారాలు డాక్టర్లవి, లాయర్లవి, పదిహేనేళ్ళు కొట్లాడిన రోగులవి. అయితే మినమాటా అనే పేరు జపాను దాటి వెళ్ళింది ఆ తల్లీకూతుళ్ళ వల్ల. 2013లో పాదరసం మీద వచ్చిన అంతర్జాతీయ ఒప్పందానికి ఆ ఊరి పేరే పెట్టారు.

ఆ తల్లి తన కూతుర్ని "మా నిధి" అనేదట. కడుపులో ఉన్న బిడ్డ తల్లి ఒంట్లోని విషమంతా తనలోకి తీసుకుందనీ, అందువల్లే తానూ తరువాత పుట్టిన పిల్లలూ బతికిపోయారనీ ఆమె నమ్మకం. ఫొటోకు ఆమె ఇష్టపడే ఒప్పుకుంది. ఇంకెవరికీ ఇలా జరగకూడదని. 1977లో ఆ అమ్మాయి ఇరవై ఒక్క ఏళ్ళకు చనిపోయింది. తరువాత కూడా పోస్టర్ల మీద, పుస్తకాల అట్టల మీద, గోడల మీద ఎక్కడ చూసినా ఆమె. ఇరవై ఏళ్ళు అలా చూసిచూసి, ఇక మా బిడ్డను విశ్రాంతి తీసుకోనివ్వాలని ఆ కుటుంబం కోరుకుంది. అప్పటికి స్మిత్ చనిపోయాడు. ఫొటో హక్కులు ఐలీన్ చేతిలో ఉన్నాయి. 1998లో ఆమె ఆ బొమ్మ విషయంలో నిర్ణయించే హక్కును తల్లిదండ్రులకే అప్పగించింది. ఇకపై కొత్తగా ప్రచురించకూడదని నిర్ణయమైంది. మంచి పని చేసే బొమ్మను ఎందుకు ఆపాలని అప్పుడు వాదించినవాళ్ళూ ఉన్నారు. లోకానికి మేలు జరుగుతోందని చెప్పి ఒక తల్లి మాటను పక్కన పెట్టే అధికారం ఎవరికుందో నాకు తెలియదు. ఐలీన్ చేసిందే సరైనదని నా అభిప్రాయం.

దీని పక్కన భోపాల్ పెట్టి చూడండి. 1984 డిసెంబరు 2 రాత్రి తెల్లవారితే 3. యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి గ్యాసు వెలువడి వేలమంది పోయారు. మట్టిలో పూడుస్తున్న పసిబిడ్డ మొహం, కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, మట్టి తుడుస్తున్న ఒక చెయ్యి. రఘు రాయ్ దాన్ని నలుపు తెలుపుల్లో తీశారు, పాబ్లో బార్తలోమ్యూ రంగుల్లో తీశారు. పాబ్లో తీసినదానికి ఆ ఏటి ప్రపంచ ప్రెస్ ఫొటో బహుమతి వచ్చింది. ఆ బిడ్డ ఎవరి బిడ్డో తేలలేదు. నా బిడ్డ బొమ్మ ఇక చాలు అనడానికి అక్కడ తల్లిదండ్రులు లేరు. నలభై ఏళ్ళు దాటినా ప్రతి డిసెంబరులో ఆ బొమ్మ పత్రికల్లో వస్తూనే ఉంది. 1989 ఫిబ్రవరిలో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. కేసులు ఆ తరువాత కూడా దశాబ్దాలు నడిచాయి.

ఇంతవరకు చెప్పినవి మొహాలున్న బొమ్మలు. మొహం లేని బొమ్మల కథ ఆకాశం నుంచి మొదలవుతుంది. 1968 డిసెంబరు 24న చంద్రుడి చుట్టూ తిరుగుతున్న అపోలో 8 నుంచి విలియం ఆండర్స్ తీసిన భూమి బొమ్మ మనలో చాలామంది కాలెండర్లలో చూసే ఉంటారు. చంద్రుడి నేల మీదుగా నీలి భూమి పైకి వస్తున్నట్టు కనబడుతుంది. ఆయన తీసినప్పుడు చంద్రుడి నేల నిలువుగా పక్కన ఉంది, ముద్రించేటప్పుడు తిప్పారు. పుర్రెను పది అడుగులు జరిపితే గొడవైంది, భూగోళాన్నే తిప్పితే ఎవరూ అడగలేదు!

1972 జూలై 23న అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల వరుసలో మొదటిదాన్ని పంపింది. ఒక్కో బొమ్మలో 185 కిలోమీటర్ల మేర నేల పడుతుంది. 18 రోజులకొకసారి మళ్ళీ అదే చోటికి వస్తుంది. మన దేశం ఈ పనికి కొత్తది కాదు. 1970 ప్రాంతాన పిషరోటి గారు కేరళలో హెలికాప్టరు నుంచి పరారుణ ఫిల్ముతో కొబ్బరితోటలను ఫొటోలు తీయించి వేరు తెగులును గుర్తించారు. ఆ ఫిల్ములో ఆరోగ్యంగా ఉన్న చెట్టు ఎర్రగా కనిపిస్తుంది, జబ్బు చెట్టు రంగు మారుతుంది. ఉపగ్రహ చిత్రాల్లో అడవిని ఎర్రగా చూపించే పద్ధతీ అదే. మన హైదరాబాదు బాలానగర్‌లో నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ ఏర్పడింది. 1979 నుంచి షాద్‌నగర్ దగ్గరి కేంద్రంలో ఆ చిత్రాలు నేరుగా అందుకోవడం మొదలైంది. 2008లో ఆ సంస్థ పేరు సెంటర్‌గా మారింది.

ఈ సంస్థ చేసిన ఒక లెక్క దేశాన్ని కుదిపింది. ప్రభుత్వ రికార్డుల్లో అడవిగా రాసుకున్నది దేశ విస్తీర్ణంలో 22 శాతం పైచిలుకు. ఎర్రరంగు చూసి లెక్కగడితే 1972-75లో ఉన్నది 16.89 శాతం, 1980-82 నాటికి 14.10 శాతం. ఏడెనిమిదేళ్ళలో 90 లక్షల హెక్టార్లకు పైగా పోయిందన్నమాట. 1984లో ఈ అంకెలు బయటకు రాగానే పెద్ద దుమారం. అటవీశాఖల వారు ఒప్పుకోలేదు. పలచబడిన అడవిని, లేత తోటలను మీరు అడవి కాదన్నారు అని వారి అభ్యంతరం. 1981లో ఏర్పడిన ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా కూడా అవే రకం చిత్రాలతో వేరే లెక్క వేసింది. చివరకు రెండు సంస్థలూ కూర్చుని సరిచూసుకుని సుమారు 19.5 శాతం దగ్గర ఒప్పందానికి వచ్చాయి.

ఆ సమాధానంలో ఎవరు గెలిచారని అడగకండి. ఒకే చిత్రం నుంచి రెండు అంకెలు రావడం చూసి శాస్త్రం మీద నమ్మకం పోగొట్టుకోనక్కరలేదు. "అడవి" అంటే ఏమిటో ముందుగా రాసుకోకపోతే ఏ కెమెరా అయినా చెప్పలేదు. అయితే రిజిస్టరులో ఉన్న అడవి వేరు, నేల మీద ఉన్న అడవి వేరు అని సామాన్యుడికి కూడా తెలిసింది అప్పుడే. 1987 నుంచి ఫారెస్ట్ సర్వే వారు రెండేళ్ళకొకసారి నివేదిక ప్రచురించే అలవాటు వచ్చింది.

మంచు సంగతి రెండు మాటల్లో చెబుతాను. అలాస్కాలో విలియం ఫీల్డ్ అనే ఆయన 1926 నుంచీ హిమానీనదాలను ఫొటోలు తీస్తూ, ఏ చోట నిలబడి తీశాడో గుర్తుపెట్టి నమోదు చేసేవాడు. 1941 ఆగస్టులో ఆయన మ్యూర్ హిమానీనదం తీశాడు. 2004 ఆగస్టులో బ్రూస్ మోల్నియా వెళ్ళి అదే చోట నిలబడి అదే దిక్కుకు తీశాడు. మంచు గోడ ఉండవలసిన చోట నీళ్ళు. కొండల మీద పచ్చని పొదలు. మంచు అంచు 12 కిలోమీటర్లు వెనక్కి పోయింది. ఈ రెండు బొమ్మల్లో కళ అంటూ ఏమీ లేదు. తేదీలున్నాయి. నాకు ఈ చరిత్రంతటిలో అన్నిటికన్నా నచ్చినవి ఇవే.

చివరకు మన కొల్లేరు. 1999 అక్టోబరు 4న జీవో ఎమ్మెస్ నంబరు 120 ద్వారా అయిదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగా ప్రకటించారు. ఐఆర్ఎస్-1డి అనే మన ఉపగ్రహం తీసిన చిత్రాలను పరిశీలించి ఆంధ్ర విశ్వవిద్యాలయం వారు 2004లో ప్రచురించిన వ్యాసంలో సరస్సు లోపలే వెయ్యికి పైగా చేపల చెరువులు తేలాయి. 2006లో గట్లు తెగ్గొట్టారు. ఏడెనిమిది వందల కిలోమీటర్ల ఎత్తునుంచి చూస్తే చెరువు చెరువే, నలుచదరంగా, చుట్టూ గట్టుతో. అందులో ఏది 1970ల్లో ప్రభుత్వమే వడ్డీల సహకార సంఘానికి ఇచ్చింది, ఏది బయటి ఆసామి లీజు పేరున తవ్వించింది అన్నది చిత్రంలో పడదు. గట్టు తెగినప్పుడు రెండూ ఒకలాగే తెగాయి. ఆ తేడా తెలియాలంటే ఊరిలో ఎవరో పట్టాలు, లీజు కాగితాలు ముందేసుకుని ఒక్కో చెరువుకూ నంబరు వేసి, ఆ నంబరు చిత్రం మీద రాయాలి. అది ఉపగ్రహం పని కాదు, గుమాస్తా పని.